ఇంటి ప్రయోగశాల: అమ్మమ్మ ముఖంమీద తెల్లగీతలు



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి ఏడవ తరగతి చదువుతున్న ఒక బాలిక రాసింది. వాళ్ల అమ్మమ్మ ఈమధ్యనే పోయింది. ఆవిడకు పెళ్లికాక ముందు స్టూడియోలో తీసిన ఫోటో ఒక్కటే ఇంట్లో మిగిలింది. అది రెండంగుళాల వెడల్పు, మూడంగుళాల పొడవు గల చిన్న ఫోటో. నలుపు తెలుపుల కాలంనాటిది. ఒక మూల అప్పుడే పురుగు కొట్టింది. ఇక ఆ అమ్మాయి రాసిన మాటలు చూడండి:

"మాస్టారూ, సంవత్సరీకం నాటికి ఆ ఫోటో పెద్దదిగా చేయించి పటం కట్టించాలని నాన్న అన్నారు. మన ఇంట్లోనే ప్రింటరు ఉన్నది గదా, నేనే తీస్తానన్నాను. మొదటిసారి అమ్మమ్మ ముఖంమీద అడ్డంగా తెల్లగీతలు పడ్డాయి. కాగితమూ, సెట్టింగూ రెండూ మార్చాను. రెండోసారి గీతలు కాస్త తగ్గాయి గాని తెల్లచీర ఆకుపచ్చగా వచ్చింది. మూడోసారి జుట్టూ, వెనకనున్న తెరా కలిసిపోయి మసి పూసినట్టయింది. సిరా అంతా అయిపోతున్నదని నాన్న కోప్పడ్డారు. తప్పు నాదా? ప్రింటరుదా?"

తప్పు ఎవరిదని అడిగితే ఎప్పుడూ పోట్లాటే మిగులుతుంది. తప్పు ఎక్కడున్నదని అడగాలి. అలా అడిగితే జవాబు దొరుకుతుంది. ప్రింటరు చేసిన ప్రతి తప్పూ తన కారణాన్ని ఆ కాగితంమీదనే రాసి పెడుతుంది. అది చదవటం నేర్చుకుంటే చాలు.

జ్వరంతో వచ్చిన రోగికి వైద్యుడు అలమారులో ఉన్న మందులన్నీ ఒకేసారి ఇస్తాడా? ఇవ్వడు. ముందు నాడి చూస్తాడు, నాలుక చూస్తాడు, ఆ తరవాత ఒక మందు ఇచ్చి గుణం కనిపెడతాడు. మనమూ అదే పద్ధతిలో పోదాం. ముందుగా ఈ ప్రింటరు బొమ్మ ఎలా వేస్తుందో తెలుసుకోవాలి.

చుక్కలతో వేసే బొమ్మ

ఇళ్లలో వాడే ఇంక్‌జెట్ ప్రింటరు కాగితంమీద సిరాను చుక్కలు చుక్కలుగా చిమ్ముతుంది. దాని ప్రింట్‌హెడ్‌కు వందలకొద్దీ రంధ్రాలు ఉంటాయి. వాటిని నాజిళ్లు అంటారు. ఒక్కొక్కటి మన తల వెంట్రుక కంటె సన్నం. ప్రింట్‌హెడ్ అటూ ఇటూ పరుగెత్తుతూ ఉంటే, కాగితం కొంచెం కొంచెంగా ముందుకు జరుగుతూ ఉంటుంది.

ఒక్కొక్క చుక్క ఎంత ఉంటుంది? దీన్ని పికోలీటర్లలో కొలుస్తారు. లీటరును లక్ష కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం ఒక పికోలీటరు. చుక్క 2 పికోలీటర్లు అనుకుందాం. అప్పుడు ఒక్క మిల్లీలీటరు సిరాలో ఎన్ని చుక్కలున్నట్టు? లెక్క వేయండి. 50 కోట్లు!

చుక్కను బయటికి నెట్టటానికి రెండు ఉపాయాలున్నాయి. మొదటిది వేడి. 1977లో జపానులో కేనన్ పరిశోధకుల వద్ద, కాలుతున్న సోల్డరింగ్ ఐరన్ సిరా ఉన్న సిరంజి సూదికి తగిలింది. వెంటనే సూది కొననుంచి సిరా చిమ్మింది. దాన్ని చూసి, సిరాను క్షణకాలం వేడిచేసి బుడగ పుట్టిస్తే ఆ బుడగే చుక్కను బయటికి తోస్తుందని వారు గ్రహించారు. రెండవది స్ఫటికం. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో జాక్ క్యూరీ, పియేర్ క్యూరీ అనే అన్నదమ్ములు కనుగొన్నారు. దానికి ఎదురుగా, విద్యుత్తు పంపితే ఆ స్ఫటికం ఆకారం మారుతుందని మరుసటి ఏడే తేలింది. ఎప్సన్ ప్రింటర్లలో ఇలా కదిలే పలుచని పలకే సిరాను నెడుతుంది.

ఇక అసలు చమత్కారం వినండి. మామూలు ఇంటి ప్రింటరులో బూడిదరంగు సిరా లేదు. తెల్లసిరా అసలే లేదు. మరి అమ్మమ్మ చెంపమీద ఆ లేత నీడ ఎలా వస్తున్నది? తెలుపు కాగితానిది. నలుపు చుక్కలది. చుక్కలు దూరదూరంగా పడితే లేతగానూ, దగ్గరదగ్గరగా పడితే ముదురుగానూ మన కంటికి కనబడుతుంది. కావాలంటే ఒక తెల్లకాగితంమీద పెన్నుతో సగం దట్టంగానూ, సగం పలుచగానూ చుక్కలు పెట్టి, గోడకు అంటించి, పది అడుగులు వెనక్కు వెళ్లి చూడండి. చుక్కలు మాయమై రెండు నీడలు కనబడతాయి.

రంగుల ఫోటో కంటె ఇదే కష్టం

రంగులు లేవు గనక నలుపు తెలుపుల ఫోటో తేలిక అని చాలామంది అనుకుంటారు. నిజానికి అదే కష్టం. రంగుల ఫోటోలో ఎర్రచీర ఒక పిసరు నారింజగా వచ్చినా ఎవరూ పట్టించుకోరు. ఆ చీర అసలు ఎంత ఎరుపో చూసేవారికి తెలియదు గదా! కాని బూడిదరంగులోకి ఏ మాత్రం ఆకుపచ్చగాని, గులాబీగాని చేరినా మన కన్ను ఇట్టే పసికడుతుంది. పైగా అక్కడక్కడ కొన్ని చుక్కలు పడకపోతే, ఆ లోపాన్ని కప్పటానికి పక్కన వేరే రంగు ఉండదు.

మొదటి సూత్రం: పెద్ద ఫోటో తీయవద్దు

ప్రింటు చెడిపోగానే మనవాళ్లు చేసే పని ఏమిటి? మళ్లీ అదే ఫోటోను అదే పెద్ద కాగితంమీద తీస్తారు. మళ్లీ చెడిపోతుంది. అలా చేస్తే నాన్నకు కోపం రాదా మరి!

దానికి బదులు మూడు చిన్న పరీక్షలు పెట్టుకోండి.

ఒకటి, నాజిల్ చెక్. ఇది ప్రింటరులోనే ఉంటుంది. మామూలు కాగితంమీద సన్నని గీతల వరసలు వేసి చూపుతుంది. గీత తెగిన చోట ఏదో రంధ్రం పనిచేయటం లేదని అర్థం.

రెండు, నీడల నిచ్చెన. కంప్యూటరులో 11 చిన్న గడులు పక్కపక్కనే గీయండి. మొదటి గడి తెల్లగా వదిలి, తరవాత వరసగా నూటికి 10, 20, 30 వంతులు నలుపు నింపుతూ పోతే చివరిది 100, అంటే కటిక నలుపు అవుతుంది. ఇందులో రంగు చేరకుండా చూసుకోండి. ఈ నిచ్చెనను దాచుకుంటే ప్రింటరు ఉన్నన్నాళ్లూ పనికివస్తుంది.

మూడు, ఫోటోలో ముఖం ఉన్న ముక్క మట్టుకు, తపాలాబిళ్ల కంటె కాస్త పెద్దదిగా.

రెండవదీ మూడవదీ మట్టుకు, మీరు చివరకు ఏ కాగితంమీద ఫోటో తీయదలచారో అదే కాగితంమీద తీయాలి. ఒక చివర తీసి, బాగా ఆరనిచ్చి, కాగితం తిప్పి రెండో చివర ఇంకొకటి తీయవచ్చు. కాగితాన్ని మరీ చిన్న ముక్కలుగా కోసి పెట్టవద్దు. అవి లోపల చిక్కుకుపోతాయి.

తెల్లగీతలు ఎందుకు పడతాయి?

నాజిల్ చెక్‌లో గీతలు తెగి ఉంటే, కొన్ని రంధ్రాలలో సిరా ఎండి మూతపడిందన్నమాట. కలం మూత తీసి బల్లమీద వదిలేస్తే పాళీ ఎండిపోదూ? ఇదీ అంతే. మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల ఎండకు వారం రోజులు వాడని ప్రింటరు తొందరగా ఎండుతుంది.

ఈ జబ్బు రావటానికి మన ఇళ్లలో ఒక అలవాటు బాగా తోడ్పడుతున్నది. పని కాగానే గోడమీది స్విచ్చి ఆపేస్తారు! ప్రింటరును దాని బొత్తం నొక్కి ఆపితే, ప్రింట్‌హెడ్ ఒక పక్కకు వెళ్లి, అక్కడి రబ్బరు మూతమీద కూర్చుంటుంది. అప్పుడు గాలి తగలదు. మధ్యలో గోడ స్విచ్చి ఆపితే అది ఎక్కడున్నదక్కడే, మూత లేకుండా నిలిచిపోవచ్చు. అందుచేత ముందు ప్రింటరు బొత్తం నొక్కండి. దాని దీపం పూర్తిగా ఆరిన తరవాతనే గోడ స్విచ్చి ముట్టుకోండి. పది, పదిహేను రోజులకొకసారి అన్ని రంగులూ ఉన్న ఒక చిన్న బొమ్మ తీస్తూ ఉంటే మరీ మంచిది.

మూతపడిన రంధ్రాలకు మందు హెడ్ క్లీనింగ్. ఒకసారి చేసి, నాజిల్ చెక్ తీసి చూడండి. గీతలు పూర్తి కాకపోతే రెండోసారి. ఇంకా కాకపోతే మూడోసారి. అంతే, అక్కడ ఆగండి! ప్రింటరు ఆపి రాత్రంతా వదిలిపెట్టండి. ఎండిన సిరా నానటానికి వ్యవధి కావాలి. మరునాడు మరొక్కసారి చేస్తే చాలాసార్లు తెరుచుకుంటుంది. ఊరికే క్లీనింగ్ చేస్తూ పోతే నష్టమేమిటంటారా? ప్రతిసారీ మంచి సిరాను లోపలినుంచి లాగి, అడుగున ఉన్న పీల్చే మెత్తలోకి పోస్తుంది. సిరా దండుగ. ఆ మెత్త నిండితే కొన్ని ప్రింటర్లు పనిచేయటమే మానేస్తాయి. గుండుసూదితో పొడవటం, స్పిరిట్ పోయటం వంటి గొప్ప పనులు మట్టుకు చేయవద్దు సుమా!

నాజిల్ చెక్ చక్కగా ఉండి, ఫోటోలో మట్టుకు సమాన దూరాలలో చారలు పడుతున్నాయా? అయితే రంధ్రాల తప్పు కాదు. కాగితం సరిగా జరగటం లేదు, లేదా ప్రింట్‌హెడ్ వరస తప్పింది. దానికి హెడ్ అలైన్‌మెంట్ అనే పరీక్ష వేరే ఉన్నది. దాంతోపాటు ఫోటో తీసేటప్పుడు తొందర పద్ధతి కాక హై క్వాలిటీ పెట్టండి. తొందరగా తీసేటప్పుడు హెడ్ పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ కూడా చుక్కలు చిమ్ముతుంది. ఆ రెండూ సరిగా కలవకపోతే చారలు కనబడతాయి.

తెల్లచీర ఆకుపచ్చగా ఎందుకు వచ్చింది?

ఇక్కడే ఆ అమ్మాయి ప్రశ్నలో అసలు ముడి ఉన్నది. ఒక భూతద్దం తీసుకుని ప్రింటులో లేత నీడ ఉన్నచోట చూడండి. నల్లచుక్కలే ఉన్నాయా? లేక నీలం, గులాబీ, పసుపు చుక్కలు కూడా కనబడుతున్నాయా? రంగుచుక్కలు కనబడితే, మీ ప్రింటరు మూడు రంగులను కలిపి బూడిదరంగు చేస్తున్నదన్నమాట.

నల్లసిరా ఉండగా ఈ తంటా దేనికి? రెండు కారణాలున్నాయి. లేత నీడలో నల్లచుక్కలు ఇసుక చల్లినట్టు గరుకుగా కనబడతాయి. రంగుచుక్కలు లేతవి గనక నునుపుగా కలిసిపోతాయి. రెండవ కారణం సిరా జాతి. సిరాలు రెండు రకాలు. ఒకటి డై సిరా. అది నీటిలో చక్కెరలాగా కరిగిన రంగు. కాగితం పొరలోకి ఇంకుతుంది. రెండవది పిగ్మెంట్ సిరా. అది నీటిలో సున్నంలాగా, కరగకుండా తేలే సన్నని పొడి. చాలా ప్రింటర్లలో నలుపు మట్టుకే పిగ్మెంటు. మామూలు కాగితంమీద అక్షరాలు నల్లగా, స్పష్టంగా రావటానికి అది మంచిది. కాని నిగనిగలాడే గ్లాసీ ఫోటో పేపరు పొరలోకి అది ఇంకదు. పైన కూర్చుని, వేలితో రుద్దితే చెదిరిపోతుంది. అందుచేత మీరు గ్లాసీ పేపరు అని చెప్పగానే కొన్ని ప్రింటర్లు ఆ నలుపును పక్కకు పెట్టి మూడు రంగులతోనే పని జరుపుతాయి.

మూడూ సరిసమానంగా కుదిరితే బూడిదరంగు వస్తుంది. ఒక్కటి తగ్గినా వంటలో ఉప్పు తప్పినట్టే. గులాబీ సిరా నాజిళ్లు కొన్ని మూసుకుపోతే బొమ్మ పచ్చబడుతుంది. అందుకే ఈ జబ్బుకు కూడా ముందు నాజిల్ చెక్ చూడాలి. కంపెనీ సిరాకు బదులు వేరే సిరా పోసినా పాళ్లు మారుతాయి.

ఇంకొక వింత ఉన్నది. ఇలా మూడు రంగులతో చేసిన బూడిదరంగు ఒక్కొక్క వెలుతురులో ఒక్కొక్క వేషం వేస్తుంది. రాత్రి ఎల్‌ఈడీ దీపం కింద సరిగా ఉన్నది, పగలు వసారాలో పచ్చగా కనబడవచ్చు. ఎందుకంటే తెల్లగా కనబడే దీపాలన్నిటిలోనూ అన్ని రంగులూ ఒకే పాళ్లలో ఉండవు. గనక నీడల నిచ్చెనను పగటి వెలుతురులోనూ, పటం తగిలించే గదిలోని దీపం కిందా కూడా చూసి తీర్పు చెప్పండి.

దీనికి ఏం చేయాలి? ముందు కంప్యూటరులోనే ఫోటోను గ్రేస్కేల్‌లోకి మార్చండి. పాత ఫోటో స్కాన్ చేస్తే ముదిరిపోయిన పసుపు ఛాయ కూడా వస్తుంది. తరవాత ప్రింటరు సెట్టింగులలో గ్రేస్కేల్ గాని, బ్లాక్ ఓన్లీ గాని ఉంటే పెట్టి, ముఖం ముక్క తీసి భూతద్దంతో మళ్లీ చూడండి. గ్రేస్కేల్ అని చెప్పినా కొన్ని ప్రింటర్లు రంగులు కలుపుతూనే ఉంటాయి. అటువంటప్పుడు మెరుపులేని మాట్ పేపరుమీద నల్లసిరాతో తీసి చూడటం మంచి ఉపాయం. కాస్త గరుకుగా ఉన్నా గోడమీద నాలుగడుగుల దూరంనుంచి చూసేవారికి అది తెలియదు. ముఖం పచ్చబడటం మట్టుకు గది ఆ చివరనుంచి కూడా తెలుస్తుంది. ఈ చిక్కు తీర్చటానికే ఫోటోగ్రాఫర్లు వాడే పెద్ద ప్రింటర్లలో నలుపుతోబాటు రెండు మూడు బూడిదరంగు సిరాలు వేరే పెడతారు.

మసి పూసినట్టు వస్తే

దీనికి మూడు కారణాలుండవచ్చు. ఒక్కొక్కటే చూడండి.

కాగితం తిరగేసి పెట్టారేమో! ఫోటో పేపరుకు ఒక వైపే సిరా పీల్చే పూత ఉంటుంది. రెండవ వైపు పడితే సిరా ఇంకక, మడుగులు కట్టి, ముట్టుకుంటే అలికినట్టవుతుంది. వేలు కొంచెం తడిచేసి కాగితం మూల తాకండి. కాస్త అతుక్కున్న వైపే పూత ఉన్న వైపు.

కాగితం పేరు తప్పు చెప్పారేమో! గ్లాసీ పేపరు పెట్టి మామూలు కాగితమని చెప్పినా, మామూలు కాగితం పెట్టి ఫోటో పేపరని చెప్పినా ప్రింటరు సిరా పాలు తప్పుతుంది. అది పాపం కాగితాన్ని చూడలేదు. మీరు చెప్పిన మాట నమ్ముతుంది.

తెర మరీ వెలుగుతున్నదేమో! కంప్యూటరు తెర దీపంలాగా స్వయంగా వెలుగు ఇస్తుంది. కాగితం మనం వేసిన దీపం వెలుగునే తిరిగి పంపుతుంది. తెర వెలుతురు నిండుగా పెట్టి సరిచూసిన ఫోటో కాగితంమీద చీకటిగా రావటంలో వింత లేదు. తెల్లకాగితం ఒకటి తెర పక్కన పట్టుకుని, రెండూ ఇంచుమించు ఒకే తెలుపుగా కనబడేదాకా తెర వెలుతురు తగ్గించండి.

ఇప్పుడు నీడల నిచ్చెన చూడండి. 80, 90, 100 గడులు విడివిడిగా కనబడుతున్నాయా? మూడూ కలిసి ఒకే నల్లమచ్చ అయితే, జుట్టూ తెరా కలిసిపోవటానికి కారణం అదే. కాగితమూ సెట్టింగూ సరిగా ఉన్నా అలాగే వస్తే, ఫోటోలో ముదురు నీడలను మట్టుకు కొంచెం తేలికచేసి మళ్లీ ముక్క తీయండి. కటిక నలుపును ముట్టుకోవద్దు. బొమ్మకు బలం దానిలోనే ఉన్నది.

మసకగా వస్తే ప్రింటరును అనవద్దు

ఇక్కడ కొంచెం లెక్క ఉన్నది. ఫోటో కళ్లకు స్పష్టంగా కనబడాలంటే అంగుళానికి 300 పిక్సెళ్లు ఉంటే బాగుంటుంది. 2 అంగుళాలు, 3 అంగుళాల ఫోటోను అంగుళానికి 300 చొప్పున స్కాన్ చేస్తే 600, 900 పిక్సెళ్లు వస్తాయి. దాన్ని 8 అంగుళాలు, 12 అంగుళాలకు పెంచితే అంగుళానికి ఎన్ని మిగిలాయి? 75 మాత్రమే! అదే 1200 చొప్పున స్కాన్ చేస్తే 2400, 3600 వస్తాయి. పెంచిన తరవాత కూడా అంగుళానికి 300 ఉంటాయి. పాత ఫోటోలోనే లేని స్పష్టత స్కానరు తేలేదు గాని, ఉన్నది పోకుండా కాపాడుతుంది.

ఫోటోను ఫోనుతో తీసి వాట్సాప్‌లో మామూలుగా పంపుకుంటే అది చిన్నదైపోయి వస్తుంది. దాన్ని పెద్దది చేసి, ప్రింటరు పాడైందనటం న్యాయం కాదు.

స్కానరు అద్దం మెత్తని పొడిగుడ్డతో తుడవండి. పాత ఫోటోను మట్టుకు రుద్దవద్దు, తడి తగలనీయవద్దు. ధూళి ఉంటే ఊదే రబ్బరు బుడ్డితో ఊదితే చాలు.

ఒక్క మార్పు, ఒక్క పరీక్ష

ఇప్పుడు ఉత్తరం మళ్లీ గుర్తుచేసుకోండి. ఆ అమ్మాయి మొదటి ప్రింటు తరవాత ఏం చేసింది? కాగితమూ సెట్టింగూ రెండూ ఒకేసారి మార్చింది. గీతలు తగ్గాయి, రంగు చెడింది. ఏది దేనివల్ల జరిగింది? ఎవరికీ తెలియదు! కాగితం మార్చటం వల్ల గీతలు తగ్గాయా, సెట్టింగు వల్లనా? మూడు కాగితాలు ఖర్చయినా ఒక్క సంగతీ తేలలేదు.

అమ్మాయీ, నీవు చేయవలసిన పని ఇది. ఒక పాత నోటుపుస్తకంలో నాలుగు గళ్లు గీయి: తేదీ, కాగితం, సెట్టింగు, ఫలితం. ప్రతి పరీక్ష ముక్కనూ ఆ పక్కనే అంటించు. ఒక్కొక్కసారి ఒక్కటే మార్చు. నాజిల్ చెక్ పూర్తిగా బాగుపడేదాకా కాగితం జోలికి పోకు. కాగితం కుదిరేదాకా నీడల జోలికి పోకు. నీడలు కుదిరేదాకా పెద్ద ఫోటో జోలికి పోకు. ఈ వరస తప్పకపోతే పెద్ద కాగితం ఖర్చు చాలావరకు ఒక్కటితోనే తేలిపోతుంది.

ఇలా ఒక్కటే మార్చి తక్కినవన్నీ అలాగే ఉంచటం నేను కొత్తగా చెబుతున్నది కాదు. మీ బడి ప్రయోగశాలలోనూ, మందులను పరీక్షించే పెద్ద పరిశోధనశాలలలోనూ జరిగేది ఇదే.

పటం కట్టేముందు

ప్రింటు రాగానే అద్దం కింద బిగించవద్దు. పైకి ఆరినట్టున్నా లోపల తేమ ఉంటుంది. అది అద్దంమీద మసకగా పేరుకుంటుంది. ఒక రోజంతా గాలికి ఆరనివ్వండి. ఎండలో మట్టుకు పెట్టవద్దు.

డై సిరా వెలుతురుకూ గాలికీ తొందరగా వెలిసిపోతుంది. పిగ్మెంటు నలుపు ఎక్కువకాలం నిలుస్తుంది. ఎందుకో తెలుసా? అందులో ఉండే కార్బన్ బ్లాక్ అంటే ఒక రకం మసే! మన పెద్దలు తాటాకులమీద గంటంతో గీసి, ఆ గీతలలో మసి పూసి తుడిచేవారు. మసి గీతలలో నిలిచి అక్షరం కనబడేది. అలా రాసిన తెలుగు తాటాకు గ్రంథాలు తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో నేటికీ ఉన్నాయి. మసి వెలుతురుకు వెలవదు. దీపంమీద మూకుడు బోర్లించి మీ అవ్వ పట్టిన కాటుక, ప్రింటరులోని నల్లసిరా దగ్గరి చుట్టాలన్నమాట.

మరి అమ్మమ్మ అసలు ఫోటోలో నలుపు దేనిది? వెండిది. ఆ కాలపు ఫోటోలలో సన్నని వెండి రేణువులే నలుపుగా కనబడతాయి. కడిగేటప్పుడు హైపో అనే మందు పూర్తిగా పోకపోతే కొన్నేళ్లకు పసుపుబారుతాయి. కొత్త ప్రింటు ఎంత బాగా వచ్చినా ఆ చిన్న ఫోటోను పారవేయవద్దు. పొడిగా ఉన్న కవరులో పెట్టి, ఎండ, చెమ్మ తగలనిచోట దాచండి. స్కాన్ చేసినది రెండు వేరువేరు చోట్ల ఉంచండి. ప్రింటు చెడితే మరొకటి తీయవచ్చు. అసలు ఫోటో పోతే తీయటానికి మళ్లీ అమ్మమ్మ ఉండదు.

పెద్దలకు ఒక మాట

పిల్లలు సిరా పాడుచేస్తున్నారని కోపం రావటం సహజమే. అయితే చెడిపోయిన ప్రింటును చింపి పారేయక, ఒక పక్కన కూర్చుని "ఇందులో ఏం కనబడుతున్నది?" అని అడిగి చూడండి. చెడిన కాగితం వెల ఎలాగూ పోయింది. దాన్ని చదివితే ఒక పాఠమన్నా మిగులుతుంది. వరసగా అన్నీ చేసినా నాజిల్ చెక్ బాగుపడకపోతే మట్టుకు అది మెకానిక్కు పని. ఆయనకు పిల్లల నోటుపుస్తకం చూపండి. ఆయన పని సగం తగ్గుతుంది.

ఈ నెల ప్రశ్న

ఒక ఇంట్లో నాజిల్ చెక్ తీశారు. ఒక్క గీత కూడా తెగలేదు. నీడల నిచ్చెన తీశారు. పగలూ రాత్రీ కూడా చక్కని బూడిదరంగే. అదే కాగితంమీద, అదే సెట్టింగుతో తాతగారి ఫోటో తీస్తే మట్టుకు ముఖమంతా పచ్చగా వచ్చింది. తప్పు ఎక్కడున్నది? ఎలా కనిపెట్టారో కారణంతో సహా రాయండి. జవాబు వచ్చే నెల చెబుతాను.